డిస్కులో నా సగం

అన్నయ్య గొంతు వినిపిస్తున్నంతసేపూ ఫర్వాలేదు. చర్చి మీద కట్టిన మైకు ఆ గొంతుని రైల్వే క్వార్టర్ల మీదుగా, కూలర్ల హోరు మీదుగా మోసుకొచ్చి మా కిటికీలో పోస్తోంది, పల్లవి పై స్థాయిలో ఎత్తాడు, డేవిడ్ బ్రదర్ పాడితే ఒళ్ళు జలదరిస్తుందని చర్చిలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకుంటారు, నాకూ జలదరిస్తుంది, అది వేరే రకం. పాడినంతసేపూ వాడి చేతులు గిటారు మీద ఉంటాయి. నాకు జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను, అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, బతుకంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరిగిన చెయ్యి, ఒళ్ళు కాలుతోందో లేదో దానికి తెలియదా, తెలిసే ఉంటుంది, అయినా "నీళ్ళు తాగి పడుకోవే రత్నా" అని బైబిలు చంకన పెట్టుకుని వాడి స్కూటర్ వెనక కూర్చుని వెళ్ళింది. గేటు మూసిన చప్పుడవగానే లేచాను.

అప్పటినుంచీ వాడి కంప్యూటర్ ముందే ఉన్నాను. వాడి కంప్యూటర్ అని నా నోటికీ అలవాటైపోయింది, నాన్న పోయాక ఇద్దరూ బతుకుతారని అమ్మ తెప్పించింది దీన్ని, కానీ ముందుగదిలో దీని మీద పెళ్ళికార్డులూ, పండరీ బజారు బట్టల కొట్లకి ధరల చీటీలూ వేసేది వాడు గనక వాడిదే. నేను ఉర్లాలో కడ్డీల మిల్లు ఆఫీసులో పొద్దస్తమానం ఇంకొకరి కంప్యూటర్ కొట్టి కొట్టి ఇంటికొస్తాను, దీని మీద చెయ్యి వేస్తే "హట్ వహా సే" అంటాడు, మాట ముందు వస్తుందో చెయ్యి ముందు వస్తుందో ఆ పూట వాడి కోపాన్ని బట్టి. నాగపూర్‌లో ఒక కాలేజీ లాబ్‌కి మనిషి కావాలని ప్రమీల ఫోన్ చేసింది, నాతో బీఎస్సీ చదివిన ప్రమీల, ఇప్పుడక్కడే పని చేస్తోంది. "విండోస్ ఉన్న దాంట్లోనే పక్కన లినక్స్ వేసి చూపించమంటారే, వాళ్ళ ఎదురుగా. సోమవారం పొద్దున్నే రా. హాస్టల్లో గది కూడా ఇస్తారు" అంది. గది. లోపలినుంచి గడియ పెట్టుకునే గది. రేపే సోమవారం. ఎలా వెళ్ళాలో ఇంట్లో ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు, ముందు ఇది నా చేత్తో ఒక్కసారి వెయ్యాలి, పుస్తకం మొత్తం చదివాను, పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ బట్టల మధ్య దాచుకుని ఇన్నాళ్ళు చూసుకున్నాను, ఒక్కసారీ వెయ్యలేదు. పొద్దున వాళ్ళు వెళ్ళగానే నల్లటి తెర మీద డిస్కుని రెండు భాగాలు చేశాను. ముందు సగంలో వాడి విండోస్, వాడి కార్డులు, వాడి పాటలు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వెనక సగం ఖాళీ. గీత కాస్త అటు జరిగి ఉంటే వాడిదంతా ముక్కలైపోయేది, జరగలేదు, గీసేటప్పుడు మాత్రం కూలర్ ఎదురుగా ఉండి కూడా నా వీపు తడిసి జాకెట్టు అతుక్కుపోయింది.

ఇప్పుడు నీలం తెర మీద సీడీ అడుగుతోంది, ఎలా వెయ్యమంటావని. నేను తీసుకోవలసిన వరసలో ఎక్కడ పెట్టాలో మనమే చెప్పుకోవచ్చు. దాని పైన ఇంకో వరస ఉంది. అది తీసుకుంటే ఇంకేమీ అడగదట, డిస్కు మీద ఏమున్నా మొత్తం తుడిచేసి తనొక్కటే కూర్చుంటుందట. వరస ఎంచుకునే వెలుగు పట్టీ దాని మీద ఆగింది. నేనే ఆపాను. మైకులో అన్నయ్య చరణం అందుకున్నాడు. ఒక్క ఎంటర్. వాడు వచ్చి కూర్చుని మీట నొక్కితే ఒక్క గులాబీ పువ్వు ఉండదు, ఒక్క పెళ్ళికూతురి పేరు ఉండదు, పండరీ సేఠ్ ధరలుండవు, చేత్తో వెతుక్కుంటాడు, చీకట్లో వెతుక్కున్నట్టు వెతుక్కుంటాడు, చూస్తూ నిలబడతాను. చేపలు వేయించేటప్పుడు మూకుడులో నూనె సలసల కాగుతుంటే వెనకనుంచి వచ్చి పళ్ళెంలో ముక్క తీసుకోవడానికి వంగుతాడు, ఆ వంగిన మెడ నా మోచేతి పక్కనే ఉంటుంది, మెడ మీద చిన్న పుట్టుమచ్చ, ఎన్నిసార్లు చూశానో దాన్ని, గరిటె ఎలా తిప్పితే ఎంత నూనె ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, ముక్క నోట్లో వేసుకుని "ఉప్పు తక్కువైంది" అని వెళ్ళిపోతాడు, నూనె ఇంకా కాగుతూనే ఉంటుంది. నాన్న కూడా అంతే, ఐజాక్ గారు లోకోషెడ్డు నుంచి రాగానే బూట్లకన్నా ముందు బెల్టు విప్పేవాడు, అప్పుడు దెబ్బలు అన్నయ్యవి, లెక్కల్లో తప్పాడనో, పక్కింటి పిల్లాడితో దెబ్బలాడాడనో, ఏమీ చెయ్యకపోతే ఏమీ చెయ్యలేదనో. పెరట్లో జామచెట్టుకి కట్టేసి కొట్టేవాడు, బకిల్ ఉన్న వైపు, నేను కిటికీ కర్టెన్ నోట్లో కుక్కుకుని చూసేదాన్ని. వాడు ఏడ్చేవాడు కాదు. బోర్లా పడుకుంటే వీపుకి కొబ్బరినూనె రాసేదాన్ని, చర్మం లేచిన చోట వేలు పెడితే ఒళ్ళంతా ఎగిరిపడేది. "నేను పెద్దవాణ్ణయ్యాక నిన్నెవడూ ముట్టుకోడే రత్నా" అన్నాడు ఒకసారి దిండులోకి. ఎవడూ ముట్టుకోలేదు. వాడు తప్ప.

పట్టీ కిందికి దించాను. జాలి వేసి దించలేదు. మొత్తం తుడిచేస్తే నన్ను చంపేస్తాడు, రేపు పొద్దున నేను నాగపూర్‌లో బతికి ఉండాలి. ఖాళీ సగం చూపించాను, ఇక్కడ అన్నాను, ఇక్కడే అన్నాను, ఎంటర్.

సీడీ గిర్రున తిరిగింది, తెర మీద ఖాళీగా ఉన్న పొడుగాటి గొట్టం ఎడమనుంచి నిండడం మొదలెట్టింది. నిండుతోందో లేదో తెలియనంత నెమ్మది. ఒక్కొక్క ఫైలు పేరూ వచ్చి పోతోంది, కరెంటు పోకుంటే చాలు, ప్రభువా ఈ ఒక్క గంటా కరెంటు తియ్యకు, మేనెల ఎండలో రాయిపూర్ మొత్తం కూలర్లు వేసుకుని కూర్చుంది, ఏ క్షణాన్నయినా పోతుంది. పాట అయిపోయింది. ప్రసంగం. పాస్టర్ అయ్యగారు కయీను గురించి చెబుతున్నారు, పొలంలో తమ్ముడి మీద పడ్డాడు అంటున్నారు, ప్రసంగం నడుస్తున్నంతసేపూ అన్నయ్య లేచి రాడు, అయ్యగారి పక్కన కుర్చీ వాడిది, అందరికీ కనిపించే కుర్చీ, తల వంచుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. పోయినేడాది వానల్లో మిల్లు బస్సు దిగి సూపర్‌వైజర్‌తో ఏదో మాటకి నవ్వుతూ నడిచొచ్చాను, గుమ్మంలో చెయ్యి పెట్టానో లేదో తలుపు వేశాడు. మణికట్టు తలుపుకీ చట్రానికీ మధ్య ఉంది. ఉందని చూశాడు. చూసి ఇంకోసారి భుజంతో తోశాడు. అమ్మ చెక్క స్కేలు రెండు పక్కలా పెట్టి కట్టు కట్టింది, ఆ కట్టు చూసి డాక్టరే మెచ్చుకున్నాడు, పళ్ళతో గుడ్డ చింపింది, ముడి వేసింది, వంటింట్లోకి వెళ్ళింది. ఇప్పటికీ మబ్బు పడితే ఆ ఎముక నాకు చెబుతుంది. మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్యనుంచి పరుగెత్తుకొస్తుంది, ఎప్పుడైనా దారి తప్పితే ఒక్కసారిగా పైకి లేచి గాల్లో చుట్టలు చుట్టుకుంటుంది, అలా లేచిన రోజున ధర్సీవా నుంచి సైకిల్ మీద వచ్చే ఒకతని తొడలోంచి దూసుకుపోయింది. నేను ఆఫీసు కిటికీలోంచి చూశాను. అరుపు రాలేదు ముందు, వాసన వచ్చింది. అందరూ పరుగెత్తారు, నేను కూర్చున్నచోటే ఉన్నాను, నా బుర్రలోకి వచ్చిన మొదటి మాట ఏమిటంటే అన్నయ్య కాలు ఇంతకన్నా లావు కదా, దూరుతుందా అని. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ఆ వాంతి ఎవరికోసమో నాకు తెలియదు.

గొట్టం సగం దాటింది. అయ్యగారు ఆమెన్ అన్నారు, జనం ఆమెన్ అన్నారు, ప్రసంగం తర్వాత పాట ఎప్పుడూ అన్నయ్యదే, గిటారు మీద ముందు రెండు తీగలు మీటి ఎత్తుకుంటాడు. గిటారు మోగలేదు. హార్మోనియం మోగింది. పాట ఎత్తింది ఎవరో ముసలాయన, శ్రుతి దొరకక కిందికీ మీదికీ పడుతున్నాడు. అన్నయ్య లేడు. చర్చిలో అన్నయ్య లేడు. ఎప్పుడు లేచాడు, ఎందుకు లేచాడు, ఆపెయ్యాలా, మధ్యలో ఆపితే ఇది తెరుచుకోదు, మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి, మళ్ళీ అనేది లేదు, రేపే సోమవారం. లేచి ముందు తలుపు గడియ వేశాను. తలుపు మూల సరియా ఉంటుంది, మిల్లునుంచి తెచ్చుకున్న మూరెడు ఇనుప కడ్డీ, రాత్రిళ్ళు గడియకి అడ్డం పెడతాం, అదీ పెట్టాను. స్కూటర్ చప్పుడు మలుపు తిరిగింది, ఆగింది. గేటు.

"రత్నా, తలుపు తియ్యి. పండరీ సేఠ్ చర్చికే మనిషిని పంపాడు, చీటీలు ఇప్పుడే కావాలంట."

"జ్వరంగా ఉంది అన్నయ్యా. లేవలేకపోతున్నా. కాసేపాగి రా."

తలుపుకి చెవి ఆనించినట్టుంది. వింటున్నాడు. సీడీ తిరుగుతోంది, వింటే వినిపిస్తుంది.

"పడుకునుంటే కంప్యూటర్ ఎవరు నడుపుతున్నారే? క్యా కర్ రహీ హై తూ?"

"నీదేం పోలేదు. అన్నీ ఉన్నాయి. కొంచెంసేపు ఆగన్నయ్యా, అయిపోతుంది, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏం అయిపోతుంది? ఖోల్! ఏం చేస్తున్నావే దానికి?"

తలుపు ఒక్కసారి ఊగింది. రెండోసారి ఊగింది. మూడోసారి ఊగలేదు, గేటువైపు కాకుండా గోడవైపు అడుగులు, వెనక్కి, కూలర్‌లో నీళ్ళు పోసి వచ్చాక నేను గడియ వెయ్యని వెనక తలుపు. సరియా లాగి చేతిలోకి తీసుకునేసరికి వంటింట్లో గిన్నెలు పడ్డాయి. జుట్టు. మొదట జుట్టు, ఎప్పుడూ అంతే, మెలితిప్పి చుట్టుకుంటాడు, మొహం బల్ల అంచుకి కొట్టాడు, కంటి పైన ఏదో తెరుచుకుంది, వేడిగా కంట్లోకి కారింది, గది ఎర్రబడింది. సరియా జారి బల్ల కింద దొర్లింది. "నా విండోస్ ఏదే? కార్డులేవే? ఏం చేశావే?" నీలం తెర వైపు నా మొహం తిప్పి పట్టుకున్నాడు, నాలుగు పేర్లు వచ్చి పోయాయి, గొట్టం చివర కొంచెమే ఖాళీ. కడుపులో తన్నాడు. కూలబడ్డాను, గాలి లేదు, గదిలో ఎక్కడా గాలి లేదు. నన్ను దాటి బల్ల కిందికి వంగాడు, గోడలో ప్లగ్గు, దానికోసం చెయ్యి చాచాడు. సరియా నా మోకాలి పక్కనే ఉంది. వాడి మెడ నా ఎదురుగా ఉంది, చొక్కా కాలరు కిందికి జారి పుట్టుమచ్చ కనిపించింది. మెడ మీద కొట్టలేదు. ప్లగ్గు మీదున్న చేతి మీద కొట్టాను, మోచేతికీ మణికట్టుకీ మధ్య, రెండు చేతులా ఎత్తి, నా బరువంతా దించి. పచ్చి చెరుకు విరిచినట్టు వినిపించింది. అరిచాడు. అరుస్తూ ఇటు తిరిగాడు, ఇంకోటి భుజం మీద వేశాను. అది అవసరం లేదు. వెయ్యాలనిపించి వేశాను. మూడోది కూడా ఎత్తాను, ఎత్తిన చేతుల్లో ఎంత హాయిగా ఉందో, ఎంత తేలిగ్గా ఉందో, నాన్నకీ ఇలాగే ఉండేదేమో, అది అనుకున్నాక చేతులు అలాగే ఆగిపోయాయి.

"రత్నా. వద్దే."

"ప్లగ్గు ముట్టుకోకు. ముట్టుకుంటే ఆ చెయ్యి కూడా."

గోడకి జరిగి కూర్చున్నాడు. విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు, అది ఉండకూడని చోట వంగి ఉంది. నేను కుర్చీలో కూర్చున్నాను, సరియా ఒళ్ళో అడ్డంగా. గొట్టం నిండింది. తెర మారింది, అడిగింది, చెప్పాను. యంత్రం వెలిగించినప్పుడు ఏది ముందు తెరవాలి అని అడిగింది, నాది అన్నాను. రహస్య పదం అడిగింది, కొట్టాను, సరిగ్గా కొట్టావో లేదో మళ్ళీ కొట్టమంది, రక్తం చుబుకం మీదనుంచి మీటల మధ్యకి కారుతోంది, కొంగుతో తుడిచి మళ్ళీ కొట్టాను. వాడు ఏడుస్తున్నాడు. జామచెట్టు దగ్గర ఏడవనివాడు చిన్నగా, ముక్కుతో ఏడుస్తున్నాడు. మైకులో ఆశీర్వాదం చెబుతున్నారు.

అమ్మ నడిచే వచ్చింది, వీడు చెప్పకుండా వచ్చేస్తే అనుమానం వచ్చి ఉంటుంది, వెనక తలుపులోంచి వచ్చి వంటింట్లో పడిన గిన్నెలు దాటి గుమ్మంలో నిలబడింది. తెల్లచీర, చంకలో బైబిలు. ఇద్దర్నీ చూసింది. బైబిలు కంప్యూటర్ పక్కన పెట్టి బీరువా మీదనుంచి తన రేకుపెట్టె దించింది.

"అమ్మా, ఇది నా చెయ్యి విరగ్గొట్టింది. చూడు. సరియాతో కొట్టింది."

అమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది.

"ముందు నాది చూడమ్మా! విరిగింది!"

"విరిగింది ఎక్కడికీ పోదు. దీని రక్తం ఆగాలి" అంది అమ్మ వాడివైపు తిరక్కుండానే. వంకర సూదికి దారం ఎక్కించింది. మత్తు లేదు. కనుబొమ పైన సూది లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది, నేను అరవలేదు, కంటి ఎదురుగా అమ్మ చెయ్యి, ముడతలు పడిన చెయ్యి. దారం తెంపడానికి వంగినప్పుడు నా చెవిలో అంది, "ఈ దెబ్బ నేనే కొట్టాల్సింది. మీ నాన్నని. అప్పుడే." అంతే. లేచి వాడి దగ్గరికి వెళ్ళింది, చీటీల అట్టముక్కలు రెండు పక్కలా పెట్టి కట్టింది, వాడు గోల పెట్టాడు, నెమ్మదిగా కట్టింది, వాడి నుదుటి మీద చెమట కూడా తుడిచింది. తుడుస్తుంటే నాకు కోపం రాలేదు.

అమ్మ రిక్షా పిలిచి వచ్చేసరికి వాడు తెరవైపే చూస్తున్నాడు. "అంతా పోయింది కదే" అన్నాడు. నేను యంత్రాన్ని ఆర్పి వెలిగించాను. నల్లటి తెర మీద ఒక చిన్న ప్రశ్న వచ్చి నిలబడింది, ఏది కావాలని. మూడు ఇంగ్లీషక్షరాలు కొట్టాను, డాస్, అంటే వాడి విండోస్. మబ్బులు తేలాయి, విండోస్ వచ్చింది, వాడి కార్డు తెరిచాను, గులాబీల మధ్య రెండు పేర్లు, సేఠ్ చీటీలు తెరిచాను, పాటలు తెరిచాను.

"ఉన్నాయి కదే. ముందే చెప్పొచ్చు కదా."

"చెప్పాను."

లేచాడు. నా పక్కనుంచి గుమ్మం దాటుతూ మంచి చెయ్యి నా వైపు ఎత్తాడు, ఎందుకో వాడికీ తెలియదనుకుంటా, పట్టుకుని నిలబడడానికో, కొట్టడానికో, అలవాటుకో. సరియా నా చేతిలోనే ఉంది. చెయ్యి దించుకుని గుమ్మం చట్రం పట్టుకుని దిగాడు. అమ్మ వాణ్ణి రిక్షాలో ఎక్కించి, తను ఎక్కబోయి, మళ్ళీ గేటు దాకా వచ్చింది.

"మేమొచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండకు" అంది. వెళ్ళగొడుతోందనుకున్నాను. "సాయంత్రం బండికి ప్రమీల దగ్గరికి పో. ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాలే. నా చీర ఇస్త్రీది ఉంది, అది కట్టుకో. కుట్టు తడవనీకు." రిక్షా కదిలింది, వాడి తల అమ్మ భుజం మీద ఒరిగింది.

వేళ్ళు సరియాని వదల్లేదు. రెండో చేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత కూర్చుని ఇంకోసారి వెలిగించాను, ఈసారి ఏమీ కొట్టకుండా ఊరుకున్నాను, కాసేపు ఆగి అదే నాది తెరుచుకుంది, అక్షరాలు కిందనుంచి పైకి పరుగులు తీశాయి, ఆగాయి, పేరు అడిగింది. చెప్పాను. రహస్య పదం చెప్పాను. లోపలికి రానిచ్చింది. రేపు వాళ్ళ ఎదురుగా చెయ్యాల్సింది చేసి చూసుకున్నాను, ఒక చోట తప్పు పోయింది, మళ్ళీ చేశాను, వచ్చింది. వాడు తిరిగొచ్చి ఎడమచేత్తో మీట నొక్కితే ఇదే వస్తుంది, పేరు అడుగుతుంది, మూడక్షరాలు ముందుగా కొట్టాలని వాడికి తెలియదు. వాడిది ముందు వచ్చేలా ఒక్క వరస మార్చొచ్చు. వేలు ఆ వరస దాకా వెళ్ళింది. కడుపులో వాడు తన్నిన చోట నొప్పి లేచింది, అలా వంగి కాసేపు ఉండిపోయాను. ఎవరి మీద కోపమో తెలియకుండానే మార్చేశాను. వాడిదే ముందు. నాకిక దీంతో పని లేదు. సీడీ తీసుకున్నాను.

అమ్మ చీర నాకు పొట్టి. ఇల్లు తాళం వేసి పక్క క్వార్టర్ తలుపు కొట్టాను. సూరమ్మ పిన్ని బియ్యం చాట చేత్తో పట్టుకునే వచ్చింది, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఏడాది నుంచీ మా గోడకి ఆనుకున్న గోడ ఆమెది, ఆ గోడలోంచి ఏమేం వినిపించాయో ఒక్కనాడూ అడగలేదు.

"ఏటే అది, మొకమంతా వాసిపోనాది?"

"అన్నయ్య కొట్టాడు పిన్నీ."

"మరాడికేటైంది? సెయ్యి కట్టించుకుని రిక్సా ఎక్కినాడు."

"నేను కొట్టాను."

చాట అలాగే పట్టుకుని చూసింది నన్ను. తిడుతుందనుకున్నాను, ఆడపిల్లవి అంటుందనుకున్నాను.

"ఇరిగిందేటి?"

"విరిగింది."

తాళంచెవి తీసుకుని కొంగున ముడి వేసుకుంది. లోపలికి వెళ్ళి బాబాయి నల్ల గొడుగు తెచ్చి, అక్కడే గుమ్మంలో విప్పి నా చేతికిచ్చింది.

"పచ్చి కుట్లు. ఎండ తగల్నీకు" అంది. "టేసన్ దాకా నీడలోనే నడు."